ఒక్క బండి పట్టే సందు

బాబు కింది పెదవి మీద ఎర్రటి మందు ఇంకా తడిగా మెరుస్తోంది. నా ఒక చేతిలో జ్వరం మందు సీసా, రెండో చేతిలో దాని కొలత మూత. మూత నిండుగా ఉంది. వాడి తల నా మోచేతి మడతలో పెట్టుకుని, నోరు తెరవమని బుగ్గ నొక్కుతున్నాను.

"అమ్మా, ఇప్పుడే కదా తాగించావు," అంది పాప.

అది నేల మీద బోర్లా పడుకుని బొమ్మకి రంగులు వేస్తోంది. తల ఎత్తకుండానే అంది. నేను మూత వైపు చూశాను, బాబు పెదవి వైపు చూశాను. ఇప్పుడే తాగించానా? ఎంత వెతికినా ఆ క్షణం నాలో లేదు. మరిచిపోయినది ఎక్కడో ఒక మూల దొరుకుతుంది, చిన్న ముక్కయినా. ఇక్కడ వెతకడానికి మూల కూడా లేదు. కాని పెదవి తడిగా ఉంది.

"తెలుసులే. మూత కడుగుదామని తీశాను," అన్నాను. మందు సింకులో పోసి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో కాసేపు నిలబడ్డాను. కీమో వల్ల జుట్టు పోతుందని చెప్పారు. వాంతులవుతాయని, నోరు పూస్తుందని చెప్పారు. వాటన్నిటికీ నేను సిద్ధపడ్డాను. నా పిల్లలకి నేనే ప్రమాదం కావచ్చని ఆ కుళాయి దగ్గరే మొదటిసారి అనిపించింది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. చికిత్స అయ్యేదాకా పిల్లలిద్దరినీ ఒంగోలు తీసుకుపోతానని మా అత్తగారు అంతకుముందే ఒకసారి అన్నారు. ఆమె మంచికే అన్నారు. నేను ఏడ్చి ఆపాను. ఇప్పుడీ సంగతి తెలిస్తే ఏడ్చినా ఆగదు. చెన్నైలో, షోళింగనల్లూరులో ఎనిమిదో అంతస్తులో, పగలంతా ఆయన ఆఫీసులో ఉంటే, ఆ ఇద్దరు పిల్లలే నా రోజు. వాళ్ళు లేని ఇంట్లో ఆ మందులన్నీ ఎందుకు ఎక్కించుకుంటున్నానో కూడా నాకు గుర్తుండదనిపించింది.

ఆ రోజుల్లో నాకు దొరికిన మనిషి ఈ ఉదయం పోయింది. మధ్యాహ్నం ఆమె కోడలు ఫోను చేసి చెప్పింది. జబ్బు కాలేయంలోకి పాకి కొన్నాళ్ళయింది, మాకు తెలుసు. తెలిసినా, పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఏదైనా రాయకపోతే ఈ రాత్రి గడిచేలా లేదు. ఆమె పేరు రాయను. తన పేరు కాయితం మీద చూస్తే ఆసుపత్రి బిల్లు గుర్తొస్తుందని అనేది.

మొదటిసారి ఆమెను చూసింది కీమో ఎక్కించే వార్డులో. వరసగా వాలు కుర్చీలు, కుర్చీకొక స్టాండు, స్టాండుకొక సీసా. నా పక్క కుర్చీలో అరవై దాటిన మనిషి. తలకి టోపీ లేదు, విగ్గు లేదు, మూటలు మోసేవాళ్ళు చుట్టుకున్నట్టు ఒక గళ్ళ తువ్వాలు చుట్టుకుంది. చెవులకి మాత్రం రవ్వల కమ్మలు. నర్సు తమిళంలో ఏదో అడుగుతోంది, కోడలు తెలుగులో మోరు తాగుతారా అని మజ్జిగ సీసా చూపిస్తోంది, ఒళ్ళో ఫోను మోగుతోంది. ఆమె కుడి అరచెయ్యి పైకెత్తింది. ట్రాఫిక్ పోలీసులా కాదు, ఎదురొచ్చే బండిని చేత్తోనే ఆపుతున్నట్టు, వేళ్ళు విప్పి, మోచెయ్యి బిగించి.

"నిలబడండి. ఒక బండి వెనక్కి తొయ్యండి."

కోడలు ఫోను కట్టేసింది. నర్సు నవ్వుతూ ఆగింది.

"ఆ. ఇప్పుడు నువ్వు చెప్పమ్మా," అంది నర్సుతో, తెలుగులో. నర్సుకి తెలుగు రాదు. ఆమెకి అది రెండు నిమిషాల తర్వాత తట్టింది. "అయ్యో, నీకు తమిళం గదా!" అని నుదురు కొట్టుకుని, మొదటినుంచి తమిళంలో మొదలుపెట్టింది.

నేను చూస్తున్నానని గమనించి నా వైపు తిరిగింది. "తెలుగా? మొహం చూస్తేనే తెలస్తా ఉండాది. యా ఊరు?"

"ఒంగోలు ఆంటీ."

"ఆంటీ అనబాకు. అక్కా అను. ఆంటీ అంటే మా ఎదురింటామె గుర్తుకొస్తాది, పొద్దున్నే మొహం మాడిపోతాది."

అప్పటినుంచి అక్క. మా అమ్మకన్నా పెద్దదాన్ని అక్కా అని పిలవడం నాకు కుదరడానికి కొంత కాలం పట్టింది. ఆమె నన్ను "మే" అని, ముద్దొచ్చినప్పుడు "కన్ను" అని పిలిచేది. పూర్వం ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి జార్జి టౌనుకి వచ్చి స్థిరపడ్డ వ్యాపారస్తుల కుటుంబం. పసుపు, వక్కలు, మిరపకాయలు టోకున అమ్మే అంగడి. భర్త పోయాక గల్లా దగ్గర ఆమే కూర్చుంది. కొడుకు పెద్దవాడైనా లేవలేదు.

ఆ అరచెయ్యి సంగతి తనే చెప్పింది.

"మా అంగడి ఉండే సందు నువ్వు చూసుండవు. ఒక్క తోపుడు బండి పట్టే సందు. లోపలికొచ్చే ముందే ఈ మూల నించి కేక పెట్టాల, బండి వస్తా ఉండాది అని. కేక పెట్టకుండా దూరినారా, మధ్యలో రెండు బండ్లూ ముక్కులు రాసుకోని నిలబడతాయి. ఎవురో ఒకరు వెనక్కి పోవాల. ఎవురూ పోరు. తిట్లు, అరుపులు. ముందు నా తలకాయి మౌంట్ రోడ్డు మాదిరి వెడల్పుగా ఉండె, మే. ఫోన్లో సేటుతో హిందీ, బండోడితో తమిళం, మావోడితో తెలుగు, అన్నీ ఒకేసారి పోతా ఉండె. ఇప్పుడు ఆ సందు మాదిరి అయిపోయింది. ఒక బండే పడతాది. అది తెలిసినాక కేకేసి ఆపేదే గదా మర్యాద?"

మర్యాద అన్న మాట నాకు కొత్తగా తోచింది. నా తలలోనూ బండ్లు ముక్కులు రాసుకుని నిలబడే ఉన్నాయి. నేను మాత్రం అందరి ముందూ నవ్వు మొహంతో తల ఊపుతూ, ఒక్క ముక్కా ఎక్కకపోయినా "సరే సరే" అంటున్నాను.

ఒకరోజు డాక్టరుగారు వార్డులోకి వచ్చినప్పుడు ఆమె అడిగేసింది, వార్డంతా వినేలా.

"డాక్టరమ్మా, రొమ్ము తీసేస్తామన్నారు, సరే అన్నా. బుద్ధి కూడా తీసేస్తామని చెప్పలేదే?"

డాక్టరుగారు నవ్వి, నవ్వాపి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఈ మందులు ఎక్కించుకునేవాళ్ళలో చాలామందికి ఇలా ఉంటుందని చెప్పారు. మాట నాలుక చివర ఆగిపోవడం, చేస్తున్న పని మధ్యలో దారి తప్పడం, రెండు పనులు ఒకేసారి చెయ్యలేకపోవడం. మందు ఒక్కటే కాదు, నీరసం, నిద్ర చాలకపోవడం, దిగులు, అన్నీ దానికి తోడవుతాయన్నారు. "చాలామందికి చికిత్స అయ్యాక మెల్లగా సర్దుకుంటుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. మీరు పిచ్చివాళ్ళయిపోవడం లేదు, బద్ధకస్తులూ కాదు."

నేను కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నాను. చెంపల మీదుగా చెవుల్లోకి నీళ్ళు పోతున్నాయి. నేను అడగలేని ప్రశ్నని ఆమె నా పక్కన కూర్చుని గట్టిగా అడిగింది. ఆమెకి నా కృతజ్ఞత అక్కడ మొదలైంది. ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

డాక్టరుగారు వెళ్ళాక ఆమె కళ్ళు తెరవకుండానే అంది, "కండ్లు తుడుచుకో మే. చెవిలోకి నీళ్ళు పోతే మళ్ళా ఇంకో డాక్టరు."

మిరపకాయల కథ ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పినట్టు మరిచిపోయి మళ్ళీ చెప్పేది, నేనూ మరిచిపోయి మళ్ళీ వినేదాన్ని, అందుకని మా ఇద్దరికీ అది ఎప్పటికప్పుడు కొత్తదే. కీమో మొదలైన కొత్తలో ఆమె మానకుండా అంగడికి పోయేది. ఒకరోజు రెండు సరుకులు పంపాలి. ఒకటి పెళ్ళివాళ్ళకి పసుపు కొమ్ములూ వక్కలూ, రెండోది ఒక హోటలుకి ఎండు మిరపకాయలు. ఆమె చెయ్యి చూపించి చెప్పింది, బండివాడు ఎత్తుకుపోయాడు.

"తిరువొత్తియూరులో పెండ్లోళ్ళ ఇంట్లో మూట విప్పినారంట. పసుపు దంచను ఐదుగురు ముత్తైదువలు రోకళ్ళు ఎత్తుకోని నిలబడుండారు. లోపల చూస్తే మిరపకాయలు. ఒకటే తుమ్ములు! పెండ్లికూతురు కూడా తుమ్మిందంట. శకునం ఏమని చెప్పాలో తెలీక అయ్యవారు కూడా తుమ్మినాడంట."

"మరి హోటలు వాళ్ళు?"

"వాళ్ళు మంచోళ్ళు. సాంబారు పచ్చగా ఉండాదే అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు."

నవ్వి నవ్వి నా చేతి సూది కదిలి నర్సు తిట్టింది. ఆ తర్వాతి భాగం ఆమె నవ్వకుండా చెప్పేది. ముత్తాత కాలం నుంచి శుభకార్యానికి పసుపిచ్చిన అంగడి. పెళ్ళివాళ్ళ ఇంటికి తనే వెళ్ళి తప్పు ఒప్పుకుంది. కొన్ని వారాలకి ఒక పొద్దున అంగడి తెరవగానే కొడుకునీ గుమాస్తానీ మూటలెత్తే వాళ్ళనీ అందర్నీ పిలిచి గల్లా ముందు నిలబెట్టింది. "నా తలకాయి కొన్నాళ్ళు ఇట్టనే ఉంటాది. నేను ఒక సరుకు ఒక చోటికి పంపమంటే, మీరు అదే మాట తిరిగి నాకు చెప్పాల. రెండు మాటలూ ఒకటైతేనే బండి కదలాల. నాకు కోపమొస్తాది, రానీండి. మీరు చెప్పకుండా ఉండబాకండి," అంది.

"సిగ్గుగా లేదా అక్కా, పనివాళ్ళ ముందు?"

"ఉండింది. ఒక రోజు సిగ్గు. దాచిపెట్టుంటే దినమూ సిగ్గే గదా."

దాచడం గురించి అప్పుడే చెప్పేశాను. మందు మూత, బాబు పెదవి, సింకు. ఒంగోలు. మధ్యలో మాట తప్పిపోతే అరచెయ్యి ఎత్తి నాకోసం లోకాన్నంతా ఆపినట్టు కూర్చుంది. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఇంట్లో ఎవురికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"మొగుడికి?"

"తెలీదు."

"బిడ్డకి?"

"అది చిన్నపిల్ల అక్కా. దానికేం తెలుస్తుంది?"

ఆమె మోరు సీసా మూత విప్పి నాకు ఇచ్చింది. తనకి ఆ రోజుల్లో ఏది తాగినా ఇనప గరిటె నాకినట్టుందని, అయినా నేను తాగుతుంటే చూస్తానని అంది.

ఉపాయం కూడా ఆమె దగ్గర నేర్చుకున్నదే. వాళ్ళ మామగారి కాలంలో అంగడిలో బియ్యం కూడా ఉండేవట, తూకం కాదు, పడితో కొలత. కొలిచేవాడు మొదటి పడిని ఒకటి అనడు, లాభం అంటాడు. పడి ముంచింది మొదలు గోతాంలో పడేదాకా "లాభం లాభం లాభం" అంటూనే ఉండాలి. తర్వాత "రెండు రెండు రెండు". మధ్యలో ఎవరు పలకరించినా తల ఊపుతాడు గాని నోరు ఆపడు. నోరు మూతపడిందా, లెక్క పోయినట్టే.

"కొత్త కోడలుగా వచ్చినప్పుడు, ఏం మనిషిరా, గొణుగుడు మానడే అనుకుంటా ఉంటి. ఇప్పుడు అర్థమైంది. తలకాయిలో నిలబడనిది నోట్లో నిలబడతాది."

ఆమె అదే చేసేది. తలుపుకి తాళం వేస్తూ "బీగం వేస్తా ఉండా, బీగం వేస్తా ఉండా, వేసినా." మాత్ర మింగుతూ "తెల్లది మింగతా ఉండా, తెల్లది, తెల్లది." లిఫ్టులో ఆమె పక్కన నిలబడ్డవాళ్ళు కొంచెం జరిగి నిలబడేవాళ్ళు. ఆమెకి పట్టేది కాదు. ఆసుపత్రి గేటు దగ్గర ఆటో ఎక్కుతూ ఒకరోజు "కమ్మలు చెవులకే ఉండాయి, చెవులకే ఉండాయి" అంది. ఆటో అతను భయపడి వెనక్కి తిరిగి చూశాడు.

నేనూ మొదలుపెట్టాను. ఒక సాయంత్రం మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు, "ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"గ్యాసుతో."

"ఏమంటోంది?"

"కట్టేశానంటోంది."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

మందుల విషయంలో ఆ ఉపాయం బాగానే పనిచేసింది. బాబుకి ఏది ఇచ్చినా, వాడు మింగేదాకా పైకి చెబుతూనే ఉండేదాన్ని. మళ్ళీ ఆ తడి పెదవి భయం నాకు రాలేదు. కాని మిగతావి జారుతూనే ఉండేవి. పాప నీళ్ళ సీసా బదులు నూనె సీసా బడి సంచిలో పెట్టబోయాను. ఇడ్లీ పాత్ర రెండుసార్లు పొయ్యెక్కించాను, ఒకసారి పిండి పొయ్యకుండానే. అలాంటివి ఎప్పుడూ చివరి నిమిషంలో వాటంతట అవే సర్దుకునేవి. సంచిలో నీళ్ళ సీసా వచ్చి ఉండేది. నేను ఆపానో లేదో తెలియని పొయ్యి ఆరిపోయి ఉండేది. నేనే చేశాననుకునేదాన్ని. మెరుగవుతున్నాననుకునేదాన్ని.

మా ఇద్దరికీ కీమో అయిపోయిన కొన్ని వారాలకి ఆమె మా ఇంటికి వచ్చింది. కొడుకు ఏదో పనిమీద మహాబలిపురం వైపు వెళ్తుంటే కారులో దిగింది. తల మీద నూగు జుట్టు మొలిచింది, తువ్వాలు లేదు. చేతిలో పసుపు పొట్లం, వక్కల పొట్లం. "విప్పి చూసుకో మే, మిరపకాయలు గాదు గదా," అంది గుమ్మంలోనే.

సాయంత్రం పిల్లలు ఆడుకునే వేళ. కింద అపార్ట్‌మెంటు పిల్లల అరుపులు ఎనిమిదో అంతస్తుదాకా వినిపిస్తున్నాయి. బాబు పడుకున్నాడు. పాప వంటింటి గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని బొమ్మల పుస్తకం పట్టుకుని కూర్చుంది. అది ఎప్పుడూ కూర్చునే చోటే అది.

తలుపు దగ్గర ఎదురు ఫ్లాటు అమ్మాయి తల పెట్టి, ఆడుకోవడానికి వస్తావా అని తమిళంలో అడిగింది.

"నాళైక్కి," అంది పాప. రేపు.

"నీ ఎప్పవుమే నాళైక్కి దాన్!" అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది ఆ పిల్ల. నువ్వెప్పుడూ రేపే అంటావు.

అక్క పాప వైపు చూసింది. "ఏం కన్ను, ఆడుకోను పోలేదే?"

"నాకు ఆటలు ఇష్టం లేదవ్వా."

"కొంచెం నీళ్ళు తెచ్చిస్తావా?"

పాప లేచింది. అక్క కళ్ళు దాని వెనకే వెళ్ళాయి. నా అంతట నేనైతే చూసేదాన్ని కాదు, ఆమె చూస్తోంది గనక చూశాను. పాప వంటింట్లోకి వెళ్ళి ముందు గ్లాసు తియ్యలేదు. పొయ్యి దగ్గరకి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, రెండు మీటలూ ఒకదాని తర్వాత ఒకటి తడిమింది. ఫ్రిజ్ తలుపు నొక్కింది. మందుల అలమర వైపు తలెత్తి చూసింది. బాల్కనీ తలుపు గడియ చూసింది. అప్పుడు గ్లాసు తీసి నీళ్ళు పట్టింది. రోజూ చేసే పనిలా చేసింది, తడుముకోకుండా, గబగబా. ఏడేళ్ళ పిల్ల.

నీళ్ళు అందుకుని అక్క తాగింది. పాపని బాబు దగ్గరకి పంపి, నన్ను బాల్కనీలోకి తీసుకుపోయింది.

"మే. మీ ఇంట్లో గల్లా మింద కూర్చోనుండేది ఎవురు?"

నేను బాల్కనీ కడ్డీ పట్టుకుని కిందికి చూశాను.

"దాచిపెట్టినాననుకున్నావు నువ్వు. ఆ బిడ్డ నీకోసరం దాచిపెడతా ఉండాది."

"అక్కా, అది..."

"నువ్వు ఆ మందు సంగతి చెప్పిన నాడే అడిగినా నిన్ను. బిడ్డకి తెలుసా అని. నాకు తెలిసే అడిగినా. మిరపకాయల తర్వాత మావోడు నా వెనకాలే నిలబడుండె. నేను చెప్పింది వాడు చూసుకునేది, నేను కట్టింది వాడు విప్పి చూసేది. నాకు తెలీనీకుండా. వాడికి నలభై ఏండ్లు, కన్ను. నలభై ఏండ్లోడికే అన్నం దిగలేదు. మనిషి సగమైపోయినాడు. అందుకే అందర్నీ పిలిచి చెప్పింది నేను, నా సిగ్గు కోసరం కాదు. ఇది ఎంత బిడ్డ?"

కింద ఎవరో గెలిచినట్టున్నారు, పిల్లలు ఒక్కసారిగా అరిచారు.

"చెప్తే ఒంగోలు తీసుకుపోతారక్కా," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

తీసుకుపోరులే అని ఆమె అనలేదు. అలా అనగలిగిన మనిషే, కాని అనలేదు. "పోతారేమో. అది నువ్వూ నీ మొగుడూ మీ అత్తా కూర్చోని కొట్లాడుకోవాల్సిన సంగతి. ముగ్గురు పెద్దోళ్ళు మోయాల్సిన మూటని ఆ బిడ్డ నెత్తిన పెట్టి, నాకు బరువు తగ్గింది అనుకుంటా ఉండావు."

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. ఆమె వెళ్ళేటప్పుడు లిఫ్టు దాకా కూడా వెళ్ళలేదు. లిఫ్టు తలుపు మూసుకుంటుంటే లోపలి నుంచి వినిపించింది, "సున్నా నొక్కినా, సున్నా, సున్నా." కోపంలోనే నవ్వొచ్చింది. ఆమె మీద కోపం నిలబెట్టుకోవడం ఎవరికీ చేతకాదని ఆమె కోడలు ఇవాళ ఫోన్లో ఏడుస్తూ అంది. నిజమే.

ఆ తర్వాత కూడా ఆమె చాలా కాలం ఉంది. పండగలకి ఫోను చేసేది, తనే చేసిన సంగతి మరిచిపోయి "నువ్వెందుకు చేసినావు మే?" అని నన్నే అడిగేది. నా తల చాలావరకు నాకు తిరిగొచ్చింది. కొన్ని పేర్లకి ఇప్పటికీ కాస్త ఆగాలి, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇప్పటికీ అరచెయ్యి దానంతటది లేస్తుంది. ఆమెకి అంత తిరిగి రాలేదు. గల్లా కొడుక్కి ఇచ్చి, దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆ స్టూలు గురించి ఒక్కసారి కూడా బాధగా మాట్లాడలేదు. "ఇప్పుడు వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూస్తా ఉండా. ముందు చేతులే చూస్తా ఉంటి," అంది. అవన్నీ ఇంకోసారి ఎప్పుడైనా తీరిగ్గా రాయాలి. ఈ రాత్రి ఆ సాయంత్రమే నన్ను వదలడం లేదు.

ఆమె వెళ్ళిన గంటకి మా ఆయన వచ్చాడు. చెప్పులు విప్పకముందే చెప్పేశాను. ఆపితే మళ్ళీ చెప్పలేనని, ఊపిరి తీసుకోకుండా, మందు మూత దగ్గర్నుంచి పొయ్యి మీటలదాకా.

ఆయన మొదట అరిచాడు. "బాబు మందు విషయంలో కూడానా? అప్పుడే చెప్పొద్దూ నాకు?" అన్నాడు. నాకు ఆ అరుపు న్యాయంగానే అనిపించింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీటల దగ్గర కాసేపు నిలబడ్డాడు. వాటి ఎత్తు చూస్తున్నాడు. బయటికి వచ్చి వాళ్ళమ్మకి ఫోను చేశాడు.  స్పీకరులో పెట్టాడు.

అంతా విని మా అత్తగారు మొదట అడిగిన మాట ఇది: "నువ్వు నీ పెళ్ళాం మీద అరిచావా?"

"కొంచెం."

"నీకు పెళ్ళి రోజు ఏనాడన్నా గుర్తుందిరా? మందులు ఎక్కించుకోకుండానే మరిచిపోతావు. ఆ అమ్మాయికి ఫోనివ్వు." నాతో అన్నారు, "పిల్లల్ని నేను తీసుకెళ్ళడమెందుకే, నేనే వచ్చి ఉంటాను. మీ మామగారు ఇక్కడ హోటలు భోజనం చేస్తారు, ఆయనకి ఎప్పట్నించో అదే కోరిక. పొయ్యి నేను చూసుకుంటాను, నువ్వు చెప్పు, నేను చేస్తాను. నాతో కొట్లాడకుండా ఉండగలవా?"

"లేదత్తయ్యా."

"నేనూ ఉండలేను. సరే, ఆదివారం వస్తా."

అందరూ ఇంత సులభంగా ఒప్పుకుంటారని నేను అనుకోలేదు. నా భయం అబద్ధమని కూడా ఇప్పుడు అనను. మా అత్తగారు వేరేలా అని ఉండవచ్చు. వేరేలా అన్నా చెప్పాల్సిందేనని, లిఫ్టులో కిందికి పోయిన ఆ మనిషి నాకు నేర్పింది. నా కోసం ఎంతోమంది ఎంతో చేశారు. నా కళ్ళు నా బిడ్డ వైపు తిప్పింది ఆమె ఒక్కతే.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ మంచం మీద కూర్చోబెట్టాను. బాబుకి ఏమీ అర్థం కాలేదు, నా మెడలో గొలుసు పట్టుకుని ఊగాడు. పాపతోనే మాట్లాడాను.

"అమ్మ కొన్ని మరిచిపోతోంది. మందుల వల్ల. ఆ సంగతి నీకు ముందే తెలుసని నాకు నిన్న తెలిసింది. నాన్నకి చెప్పాను, నాన్నమ్మకి చెప్పాను, వాళ్ళు చూసుకుంటారు. నేను చూసుకుంటాను. నువ్వు చాలా బాగా చూసుకున్నావు, తల్లీ. ఇంక చాలు."

అది నా వైపు అనుమానంగా చూసింది. "నువ్వు ఇంట్లో ఒక్కదానివే ఉంటే?"

"ఒక్కదాన్నే ఉంటాను. భయమేస్తే నాన్నకి ఫోను చేస్తాను. ఇవాళ సెలవు. ఎదురింటి పిల్ల కింద నిలబడి నీకోసం చూస్తోంది. చెప్పులు వేసుకుని వెళ్ళు. నేను పిలిచేదాకా పైకి రావద్దు. పిలవడం మరిచిపోతే, ఆకలేసినప్పుడు రా."